పంటి గాట్లున్న రబ్బరు ముక్క

ఆరో తారీకు, సోమవారం

నన్ను జేబులమ్మ అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది కానీ దానితో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు, కాబట్టి రాయక్కర్లేదు. వయసు డెబ్బై ఆరు. డెబ్బై ఎనిమిదని నా ఆడపడుచు అంటోంది. ఆవిడ నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది, నేను పుట్టినప్పుడు ఊయల దగ్గర నిలబడి చూసినట్టు మాట్లాడుతుంది. డెబ్బై ఆరే రాయి.

ఇంట్లో నలుగురం. నేను, నా కొడుకు, నా కోడలు, ఈ రాస్తున్న ఆడపడుచు. కింద లాండ్రీ షాపు, పైన కాపురం. నాకు చదువు రాదు. ఆడపడుచు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు టైపు కొట్టి రిటైరైంది. వాళ్ళాఫీసు వాళ్ళిచ్చిన డైరీ ఒకటి ఖాళీగా పడి ఉంటే, "నీ వ్యాజ్యం ఇందులో రాద్దాం వదినా, తారీకులతో సహా ఉంటుంది" అంది. మంచి మాట అరుదుగా అంటుంది, అన్నప్పుడు వినాలి.

ఇది ముందు నా కోసం. నా మనసులో ఉన్నదంతా చెప్తాను. ఆదివారం ఇందులోంచి ఏది చదవాలో, ఏది మింగెయ్యాలో తర్వాత చూసుకుందాం.

వ్యాజ్యం ఇదీ. షాపుకొచ్చిన ప్రతి బట్ట జేబూ తిరగేసేది నేను. నలభై ఆరేళ్ళుగా నాదొకటే నియమం. జేబులో ఏది దొరికితే అది, ఎంత చిన్నదైనా సరే, కాగితంలో పొట్లం కట్టి, ఆ బట్ట ఉతికి మడతపెట్టాక దానికే పిన్నీసుతో గుచ్చి వెనక్కి పంపాలి. పెద్దవాళ్ళ జేబుల్లో ఏముంటాయి? చీటీలు, తాళంచెవులు, జలుబు చేసిన రుమాళ్ళు. పిల్లల జేబులు చూడాలి. నున్నటి గులకరాయి. వేలితో రుద్ది రుద్ది అద్దంలా చేసిన చాక్లెట్ కాగితం. పెన్ను మూత, పెన్ను ఉండదు. ఒకసారి గుప్పెడు ఇసుక. ఇసుక్కి కూడా పొట్లం కట్టాను. "ఇసుక కూడానా?" అని నవ్వారు. మర్నాడు ఆ పిల్లాడొచ్చి పొట్లం విప్పి చూసుకుని, "మొత్తం ఉంది" అన్నాడు. వాడికి లెక్క తెలుసు.

పోయిన నెల ఎదురు బిల్డింగులో ఉండే బ్యాంకు మేడం బట్టల్లో, వాళ్ళ పాప గౌను జేబులో పురుగు దొరికింది. ఆకుపచ్చగా, నగలా మెరుస్తోంది. చచ్చిందే. పొట్లం కట్టి పంపాను. మేడం చెవికమ్మేదో దొరికిందనుకుని అరచేతిలో విప్పుకుంది. ఆ కేక మా షాపుదాకా వినిపించింది.

అప్పట్నించి నా కోడలు కొత్త చట్టం తెచ్చింది. "అత్తయ్యా, విలువైనవి పొట్లంలోకి, చెత్త చెత్తబుట్టలోకి. ఏది విలువైనదో నేను చెప్తాను."

"నీకేం తెలుసు?"

"పురుగు విలువైనది కాదని తెలుసు."

నా కొడుకు ఇద్దరి మధ్య అడకత్తెరలో పోకచెక్కలా వారం రోజులు నలిగి, చివరికి "ఆదివారం షాపు మూశాక ఇద్దరూ చెప్పండి, వింటాను, ఒకటి తేలుస్తాను" అన్నాడు. నేను ఓడితే నా జేబుల టేబులు కౌంటరు పిల్లకి పోతుంది, నాకు పైన కిటికీ పక్కన కుర్చీ వేస్తారట. "గాలి బాగా వస్తుంది అత్తయ్యా" అంది కోడలు. గాలి! నేనేమన్నా ఆరేసిన చీరనా?

నా టేబులు సంగతి కూడా రాయి. ఇనప టేబులు, నలుచదరపు కాళ్ళు, అందులో ఒకటి పొట్టి. ఏళ్ళ తరబడి టకటకలాడుతూ ప్రాణం తీసేది. పది రోజులుగా బుద్ధిగా నిలబడుతోంది. నా దగ్గర టేబులు కూడా మాట వింటుంది. కోడలే వినదు.

ఏడో తారీకు, మంగళవారం

ఇవాళ నా కేసుకి దేవుడు పంపినట్టు ఒక సాక్ష్యం నడిచొచ్చింది.

మధ్యాహ్నం స్కూలు వదిలాక కౌంటరు వెనకనుంచి రెండు రిబ్బన్లు కనిపించాయి. రిబ్బన్ల కింద మనిషి కనిపించలేదు. బ్యాంకు మేడం కూతురు, ఐదేళ్ళది. నేను పిడుగు అంటాను.

"జేబులమ్మా! నా రబ్బరు రాలేదు."

"ఏ రబ్బరు?"

"తెల్ల గౌను జేబులో పెట్టాను. ఆటల రోజుది. గౌను వచ్చింది. పొట్లం లేదు."

ఆ గౌను ఉతికి పంపి వారం దాటింది. బీరువాలోంచి ఇవాళే తీసిందట. వాళ్ళమ్మ పురుగు దెబ్బకి పొట్లం విప్పకుండా పారేసిందేమో అనుకున్నాను. కాదట, గౌనుకి పిన్నీసే లేదట. పిడుగు అన్నీ చూసుకునే వచ్చింది.

"కొత్తది కొనిస్తాలేవే."

పిడుగు నన్నెలా చూసిందంటే, ముప్ఫై ఏళ్ళ క్రితం మా అత్తగారు కూడా అలా చూళ్ళేదు.

అప్పుడు కథ బయటికొచ్చింది. పిడుగు వాళ్ళ కింద వాటాలో దాని ఈడు పిల్లాడొకడున్నాడు. ముందు పళ్ళు రెండూ ఊడి ఉంటాయి కాబట్టి తొర్రిగాడు. వాళ్ళ నాన్నకి బదిలీ అయింది, ఆదివారం సామాను లారీ ఎక్కిస్తున్నారు. ఈ సంగతి తెలిసిన రోజునే తొర్రిగాడు తన రబ్బరుని కొరికి రెండు ముక్కలు చేసి, సగం పిడుగుకిచ్చాడు. ఆదివారం వెళ్ళేముందు రెండు ముక్కలూ కలిపి చూడాలి. గాటుకి గాటు అతుక్కుంటే వాడు ఎక్కడికెళ్ళినా జట్టు. అతుక్కోకపోతే కటీఫ్.

"ఎప్పటిదాకా కటీఫ్?"

"ఎప్పటిదాకా అంటే? కటీఫ్ అంటే కటీఫ్."

నాకు ఆ రబ్బరు బాగా గుర్తుంది. తెల్లటిది, ఒక పక్క పంటి గాట్లు. చూసి నవ్వుకున్నాను కూడా. నా చేతికొచ్చింది, పొట్లంలోకి మాత్రం వెళ్ళలేదు. మరెక్కడికి వెళ్ళినట్టు? ఆలోచించాల్సిన పనేముంది! చెత్తబుట్ట చట్టం ఎవరిది?

కోడల్ని పిలిచి అడిగాను. పిల్ల ముందే అడిగాను.

"నేను పారెయ్యలేదు అత్తయ్యా."

"నాకు తెలుసులే నీ సంగతి. నీ చేతికి చెత్తబుట్ట కనిపిస్తే దురద."

కోడలు కొంగు నడుముకి దోపింది. షాపు మధ్యలో పేపరు పరిచి చెత్తబుట్ట బోర్లించింది. చేత్తో కెలికి, దారప్పోగు దారప్పోగూ విడదీసి చూసింది. తర్వాత మిషను ఆపించి, దాని కింద మూత విప్పి, బురద నీళ్ళలో మోచేతిదాకా చెయ్యి పెట్టింది. చీరంతా తడిసింది. ఇరవై జతల బట్టలు ఆలస్యమయ్యాయి. రెండు బొత్తాలు, ఒక హెయిర్ పిన్ను దొరికాయి. రబ్బరు దొరకలేదు.

పిడుగు కోడలి చీర చూసి నా చెవిలో, "ఆంటీ పారెయ్యలేదేమో" అంది.

"చిన్నపిల్లవి, నీకు తెలీదు" అన్నాను.

ఎనిమిదో తారీకు, బుధవారం

దొరకలేదు.

మూటలన్నీ విప్పించాను. ఇస్త్రీ అతని చెక్క డబ్బా తిరగేశాను. అతను కోపం తెచ్చుకుని బొగ్గులు నా వైపు ఊదాడు. చీపురు ఊడదీశాను. అది మళ్ళీ కట్టడం ఎవరికీ రాలేదు.

పిడుగు స్కూలుకెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి తలుపు దగ్గర నిలబడింది. ఏమీ అడగలేదు. చూసి వెళ్ళిపోయింది. అడిగితే కసురుకోవచ్చు. చూసేవాళ్ళని ఏం చేస్తాం?

సాయంత్రం బ్యాంకు మేడం వచ్చింది. "ఒక్క రబ్బరు ముక్క కోసం నిన్నట్నుంచి అన్నం సరిగ్గా తినట్లేదండీ. పది రబ్బర్ల డబ్బా కొనిచ్చాను. అరటిపండు, మామిడిపండు ఆకారాల్లో, వాసనతో సహా."

ఆ వెనకాలే పిడుగు ఆ డబ్బా తెచ్చి నా టేబులు మీద పెట్టింది.

"ఇవి నువ్వుంచుకో జేబులమ్మా. ఇవి రబ్బర్లు."

"మరి అదేమిటే?"

"అది మా జట్టు" అంది.

మేడం నవ్వింది. నేను నవ్వలేదు. నేను నవ్వలేదని రాశావా? రాయి.

తొమ్మిదో తారీకు, గురువారం

ఇవాళ చేసిన పని ఆదివారం చదవడానికి కాదు. అయినా రాయి, డైరీకి అబద్ధం చెప్పకూడదంటారు కదా.

కొత్త తెల్ల రబ్బరు ఒకటి తెప్పించాను. నేలకేసి రుద్ది పాతది చేశాను. బ్లేడుతో కోస్తే గాటు నున్నగా వస్తుంది, అది కొరకాల్సిందే. నా నోట్లో పళ్ళు లేవు. కోడల్ని అడగను. కొడుకు నవ్వుతాడు. మిగిలింది ఎవరు?

"వదినా, నావి పెట్టుడు పళ్ళు" అంది ఆడపడుచు.

"మరీ మంచిది. నోట్లోంచి తీసి ఇయ్యి, నేనే నొక్కుతాను."

"నా పళ్ళు నీ చేతికిస్తానా!"

"ముప్ఫై ఏళ్ళు ఒకే కంచంలో తిన్నాం, పళ్ళు ఇవ్వడానికి మొహమాటమా?"

చివరికి తలుపు మూసి, తనే నోట్లో పెట్టుకుని కొరికింది. మొదటిసారి పళ్ళు రబ్బరుకి అతుక్కుని బయటికొచ్చాయి. రెండోసారి గాటు పడింది. చాలా నవ్వాం. మా ఆయన పోయాక నేనూ ఈవిడా కలిసి ఇంత నవ్వింది లేదు. ఈ మాట కొట్టెయ్యి. వద్దు, ఉండనీ.

పిడుగు వచ్చింది. పొట్లం కట్టి, పిన్నీసు గుచ్చి, మర్యాదగా చేతిలో పెట్టాను. విప్పింది. వాసన చూసింది. గాటుని వేలితో తడిమింది. ఆ తర్వాత తల అడ్డంగా ఊపింది.

"ఇది పెద్ద నోరు."

"ఏమిటీ?"

"తొర్రిగాడు కొరికితే మధ్యలో సందు వస్తుంది. వాడికి అక్కడ పళ్ళు లేవు కదా. ఇది అన్ని పళ్ళూ ఉన్నవాళ్ళు కొరికారు." ఆడపడుచు వైపు చూసి, "మీరా?" అంది.

కోర్టుల చుట్టూ తిరిగే పోలీసులకి కూడా ఇంత చూపు ఉండదు. ఆడపడుచు రెండు చేతుల్తో నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పిడుగు ఆ రబ్బరు తిరిగిచ్చేసింది. "మీరు బాగానే చేశారు" అని ఓదార్చి కూడా వెళ్ళింది. ఐదేళ్ళ పిల్ల చేత ఓదార్పు! గుమ్మం దాటాక కౌంటరు గోడకి ముఖం ఆనించి కాసేపు నిలబడింది. రిబ్బన్లు కదుల్తూ ఉన్నాయి.

ఇదంతా కోడలి వల్లే. రాయి.

పదో తారీకు, శుక్రవారం

ఇవాళ చెప్పుకోదగ్గది ఏమీ లేదు. పిన్నీసు ఒకటి టేబులు కింద పడింది. వంగి తీసుకున్నాను. అంతే. డైరీ మూసెయ్యి.

పదకొండో తారీకు, శనివారం

నా మాటగా రాయి. రబ్బరు దొరికింది. మిషను నీళ్ళు బయటికి పోయే పైపు ఉంది చూశావూ, దాని మలుపులో దొరికింది. నేనే తెల్లవారుజామున లేచి వెతికి తీశాను. కోడలు పైపు చూడనే లేదు, మూత విప్పి ఊరుకుంది. అందుకే అంటాను, పని అంటే చివరిదాకా చెయ్యాలని.

ఆడపడుచు కలం ఆపి నా వైపు చూస్తోంది.

"పైపు లోపలికి నీ చెయ్యి ఎలా పట్టింది వదినా?"

"పట్టింది."

"గాజులు తీశావా?"

"నువ్వు రాసేదానివా, అడిగేదానివా?"

రాస్తోంది. ఏం రాశావో చదువు. సరే. అక్షరాలు ఎందుకిలా వంకర్లు పోతున్నాయి? నాకు చదువు రాకపోయినా వంకర తెలుస్తుంది.

"టేబులు ఊగుతోంది వదినా. నిన్నట్నించి మళ్ళీ మొదలైంది."

టేబులు సంగతి నీకెందుకు? ఒళ్ళో పెట్టుకుని రాయి.

కోడలు అటుగా వెళ్తూ ఆగింది. టేబులు అంచు మీద ఒక వేలు పెట్టి నొక్కింది. టక్. వదిలింది. టక్. నా ముఖం చూసింది. ఏమీ అనకుండా బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ ఏదన్నా అని ఉంటే నాకు బాగుండేది. అనే మాటకి జవాబు చెప్పడం నాకు తెలుసు.

మధ్యాహ్నం పిడుగుకి పొట్లమిచ్చాను. విప్పింది. వాసన చూడలేదు, తడమలేదు. అలా గుండెకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. తప్పిపోయిన పిల్ల దొరికితే తల్లి అలా పట్టుకుంటుంది. పిచ్చుక గుడ్డంత రబ్బరు ముక్క!

తర్వాత కళ్ళు తెరిచింది.

"ఇది పల్చగా అయిపోయిందే."

"పైపులో నలిగింది తల్లీ."

"దీని మీద చతురస్రం ఉంది. మా మిస్సు చెప్పింది, నాలుగు పక్కలూ సమానం."

"పైపులో..."

"పైపు గుండ్రంగా కదా జేబులమ్మా ఉంటుంది?"

నాకు అర్జంటుగా దగ్గొచ్చింది. నిజం దగ్గే. రాయి.

పన్నెండో తారీకు, ఆదివారం

ఇవాళ్టిది కూర్చుని పూర్తిగా రాయాలి. కాఫీ తాగి మొదలుపెట్టు.

పొద్దున్న తొమ్మిదింటికల్లా ఎదురు బిల్డింగు ముందు లారీ వచ్చింది. మంచాలు, బీరువా, కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. నా కొడుకు మా గొడవ వినడానికి షాపు సగం షట్టరు వేసి స్టూలు మీద కూర్చున్నాడు. కోడలు ఒక పక్క. నేనొక పక్క. ఆడపడుచు ఈ డైరీ చేతిలో పట్టుకుని గుమాస్తాలా మధ్యలో.

"ముందు అమ్మ చెప్పనీ" అన్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను. అంతలో షట్టరు కిందినుంచి రెండు తలలు దూరాయి. పిడుగు, తొర్రిగాడు. వాళ్ళకి వంగాల్సిన పని కూడా లేదు.

"ఇక్కడే కలపాలి. జేబులమ్మ సాక్షి" అంది పిడుగు.

తొర్రిగాడు నిక్కరు జేబులోంచి తన ముక్క తీశాడు. బొద్దుగా ఉంది. పిడుగు పిడికిలి విప్పింది. పల్చగా, నా టేబులు కాలి అచ్చుతో. రెండూ నా టేబులు మీద పెట్టి దగ్గరికి జరిపారు.

అతుక్కోలేదు. వాడిది ఎత్తుగా, ఈవిడది చదునుగా. గాటు కూడా పక్కలకి సాగిపోయింది. తిప్పి పెట్టారు. బోర్లించి పెట్టారు. తొర్రిగాడు ఎంగిలి రాసి కూడా చూశాడు. టేబులేమో వాళ్ళు చెయ్యేసినప్పుడల్లా టక్, టక్.

"ఇది మనది కాదు" అన్నాడు తొర్రిగాడు.

"మనదే. సందు ఉంది, చూడు."

"అతుక్కోవట్లేదు కదా మరి."

పిడుగు పెదవి కిందికి వంగడం మొదలైంది. ఏడవలేదు. ఏడుపుకి ముందుండే ఆ జాగా ఉంటుంది చూడు, అక్కడ నిలబడింది. బయట లారీ హారన్ కొట్టింది. తొర్రిగాడి తల్లి వాణ్ణి పిలుస్తోంది.

నేను చాలా వేగంగా ఆలోచించాను. పైపులో నలిగిందంటే రెండో ముక్కని పైపులో నలపాలి. పైపులో అది నలగదు. ఎందుకంటే మొదటిది కూడా అందులో నలగలేదు. ఆ ముక్క ఎక్కడ ఎలా చదునైందో ఈ గదిలో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే అనుకున్నాను. అది చెప్తే నా టేబులు పోతుంది. చెప్పకపోతే వీళ్ళ జట్టు పోతుంది. కిటికీ పక్కన కుర్చీ కనిపించింది. గాలి కూడా వీచింది.

"ఒరేయ్," అన్నాను నా కొడుకుతో, "లేచి ఈ టేబులు ఎత్తు."

"ఎందుకమ్మా?"

"ఆ రబ్బరు పైపులో దొరకలేదు. ఈ కాలి కింద దొరికింది. పెట్టింది నేను. టేబులు టకటకలాడుతుంటే, చేతిలో ఉన్న ఈ మెత్తటి ముక్కని కాలి కింద దోపాను. గౌను పని అయిపోయాక పొట్లం కడదామనుకున్నాను, మర్చిపోయాను. మొన్న పిన్నీసు కోసం వంగితే కనిపించింది. ఇప్పుడు రెండోదాన్ని కూడా అదే కాలి కింద పెట్టాలి. అదే బరువు పడాలి. అప్పుడు రెండూ ఒకలాగే అవుతాయి. అలా నోరు తెరుచుకుని చూడకండి, ఎత్తండి!"

పిడుగు ఒక్కతే చప్పట్లు కొట్టింది. "చెప్పానా! పైపు గుండ్రంగా ఉంటుందని చెప్పానా!"

నా కొడుకు ఒక మూల పట్టుకున్నాడు, కోడలు రెండో మూల. తొర్రిగాడు తన ముక్కని కాలి కింద సరిగ్గా మధ్యలో పెట్టాడు. రెండు వారాల బరువు పది నిమిషాల్లో పడాలి కదా. ఉతకని మూటలు ఆరు ఎక్కించాం. చాల్లేదు. ఇస్త్రీ పెట్టెలు రెండు ఎక్కించాం. చాల్లేదు.

"జేబులమ్మ ఎక్కాలి" అన్నాడు తొర్రిగాడు.

స్టూలు వేసి, కొడుకు చంకలో చెయ్యేసి, కోడలు నడుం పట్టుకుని నన్ను టేబులు మీద కూర్చోబెట్టారు. నా పెళ్ళిలో కూడా నన్ను ఇంతమంది మొయ్యలేదు. మూటల మధ్య నేను కాళ్ళాడించుకుంటూ కూర్చున్నాను.

"కదలొద్దు, చతురస్రం వంకరపోతుంది" అని పిడుగు హెచ్చరిక.

అలా కూర్చోబెట్టి నా కొడుకు స్టూలు మీదకి వెళ్ళలేదు. నా ముందే నిలబడి, "అమ్మా, మరి నా గుర్రం తోక?" అన్నాడు.

"ఏ గుర్రం?"

"చెక్క గుర్రం. దాని తాడు తోక ఊడితే జేబులో దాచుకున్నాను. నువ్వు దాంతో సోడా మూట మూతి కట్టేశావు. నాకప్పుడు ఆరేళ్ళు."

వాడికిప్పుడు యాభై రెండు. నెత్తిన జుట్టు లేదు. అలా అడిగినప్పుడు మాత్రం కింది పెదవి అచ్చం పిడుగులాగే ఉంది.

"ఇంకా గుర్తుందిట్రా?"

"రెండు రోజులు నీతో మాట్లాడలేదు, నువ్వు గమనించలేదు."

గమనించాను. మూడో రోజునుంచే కదా పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది. ఆ మాట వాడికెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు కూడా చెప్పలేదు. టేబులు మీద కూర్చున్న మనిషికి మర్యాద ఉండాలి కాబట్టి, "కటీఫ్ చెప్పి ఉండాల్సింది" అన్నాను.

హారన్ మళ్ళీ మోగింది. నన్ను దింపారు. మూటలు దింపారు. తొర్రిగాడు కాలి కిందినుంచి ముక్క లాగాడు. పల్చగా, చతురస్రం అచ్చుతో. రెండూ పక్కపక్కన పెట్టి జరిపారు. గాటులో గాటు, సందులో బొడిపె. ఒక మూల కొంచెం ఎడం ఉంది, అది వాళ్ళు చూడలేదు. చూసినా చూడలేదు. నేను కూడా చూడలేదు.

"జట్టు" అంది పిడుగు.

"జత్తు" అన్నాడు తొర్రిగాడు, పళ్ళు లేక.

ఎవరి సగం వాళ్ళ జేబులో పెట్టుకున్నారు. కావలించుకోవడం, ఏడవడం ఏమీ లేదు. పని అయిపోయింది కాబట్టి, లారీ మీద కుర్చీలు తలకిందులుగా ఎందుకు కట్టారని మాట్లాడుకుంటూ షట్టరు దాకా వెళ్ళారు.

ఇక మా వ్యాజ్యం. నేనే కోడల్ని అడిగాను.

"టేబులు ఊగినప్పుడే నీకు తెలిసింది కదా?"

"తెలిసింది అత్తయ్యా."

"మరి నిన్ననే ఎందుకు బయటపెట్టలేదు?"

"ఆదివారం మీ వంతు అయ్యాక చెబుదామని. రుజువులు ముందే ఎవరన్నా బయటపెడతారా?"

ఇరవై ఏడేళ్ళు నా పక్కన ఉండి నేర్చుకుందంటే ఇది. నాకు ఆ క్షణంలో ఆవిడ మీద ఉన్న గౌరవం ఇక్కడ రాయను.

నా కొడుకు తీర్పు ఇలా చెప్పాడు. పొట్లాలు ఇదివరకటిలాగే. లోపల పురుగుంటే పొట్లం మీద పురుగు అని కోడలు పెద్ద అక్షరాల్తో రాయాలి. రోజూ సాయంత్రం షాపు కట్టేముందు టేబులు నాలుగు కాళ్ళ కిందా వంగి చూసేది కోడలే, నేను కాదు. టేబులు నాదే.

"గుర్రం తోక?" అని అడిగాను.

"అది కొట్టివెయ్యడమైనది" అన్నాడు, జడ్జిలాగే. కాసేపటికి నవ్వాడు.

కోడల్ని క్షమించమని నేను అడగలేదు. మంగళవారం ఆవిడ కెలికిన చెత్తబుట్టని నేనే సబ్బుతో తోమి, ఎండలో బోర్లించాను. అది చూసి ఆవిడ పైకెళ్ళి, ఆ కిటికీ పక్క కుర్చీ కిందికి తెచ్చి నా టేబులు దగ్గర వేసింది. "ఇక్కడ గాలి రాదు అత్తయ్యా, సర్దుకోండి" అంది. సర్దుకున్నాను.

పొట్టి కాలి కింద బ్యాంకు మేడం ఇచ్చిన పది రబ్బర్లలో అరటిపండు ఒకటి పెట్టాం. పిడుగుని అడిగే పెట్టాం. టేబులు కదలడం లేదు, అరటిపండు వాసన మాత్రం వస్తోంది.

ఈ డైరీలో శనివారం నేను చెప్పిన పైపు కథ అబద్ధం. శుక్రవారం ఏమీ జరగలేదన్నది కూడా అబద్ధం. గురువారం నిజం. కొట్టెయ్యమన్నవేవీ కొట్టెయ్యొద్దు. వయసు డెబ్బై ఎనిమిది అని దిద్దు.

నా బొటనవేలు ముద్ర ఇక్కడ వేశాను. వేలికి నీలిమందు అంటి ఉంది, అదే పనికొచ్చింది.

సాక్షులు:

రాసిన ఆడపడుచు, సొంత చేతి సంతకం. తన పళ్ళ గురించి రాసినందుకు నిరసనతో.

కోడలు, సంతకం. పక్కన "చదివి, నవ్వి" అని రాసింది.

పిడుగుకి ఇంకా సంతకం రాదు. పేజీ కింది కుడి మూల కొరికింది. గాటు నిండుగా ఉంది.

తొర్రిగాడు లారీ ఎక్కేముందే పరిగెత్తుకొచ్చి, ఈ పేజీ ఇంకా ఖాళీగా ఉండగానే ఎడమ మూల కొరికాడు. మధ్యలో సందు ఉంది.